నేను తీసేసిన కింది మెట్టు

మా చెల్లెలి కూతురు లలిత హైదరాబాదులో ఒక వీడియో కంపెనీలో చేరింది. చూసేవాళ్ళ లైను వేగాన్ని బట్టి బొమ్మ నాణ్యతను పెంచడం, తగ్గించడం దాని పని. "ఇదే పని నువ్వు కోనసీమలో కూచుని ఎప్పుడో చేశావటగా మావయ్యా! కాస్త రాసిపెట్టు, మా వాళ్ళకి చూపిస్తాను" అంది. చేసిన మాట నిజమే. అందులో గొప్పగా చెప్పుకోవలసింది కొంచెం ఉంది, సిగ్గుపడవలసింది అంతకంటే ఎక్కువ ఉంది. గొప్పలు ఇదివరకే కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను కాబట్టి ఇక్కడ రెండోదే రాస్తాను.

ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు సంగతులు ఇందులో ఉండవు. అవి చదివితే నాకే నిద్ర వస్తుంది.

రాజోలులో ఒక చెడ్డ లైను

తొంభైల మొదట్లో నేను రాజోలు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో జూనియర్ ఇంజనీరుగా చేరాను. గల్ఫు నుంచి ఫోను వస్తుందంటే ఆ రోజుల్లో ఎస్టీడీ బూత్ ముందు కుటుంబాలకు కుటుంబాలే వచ్చి కూచునేవి. ముసలమ్మలు ఉతికిన చీర కట్టుకుని మరీ వచ్చేవారు, అవతలివాళ్ళకి కనబడతామన్నట్టు.

అక్కడ సూర్యారావు గారని ఒక లైన్‌మన్ ఉండేవారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. చదువు ఎనిమిదో తరగతితో సరి. నాకు పని నేర్పింది ఆయనే. నా పైఅధికారులు ఎందరో వచ్చారు, వెళ్ళారు. వాళ్ళ పేర్లు కూడా సగం మరచిపోయాను.

ఒక పెద్ద తుఫాను తరవాత కొబ్బరిచెట్లు, టెలిఫోను స్తంభాలు కలిసే నేల మీద పడుకున్నాయి. అమలాపురం వైపు ఒక్క లైను మిగిలింది. అందులో కూడా గరగరమని ఒకటే గోల. నేను కొత్త మీటరు పెట్టి చూశాను. రూలు ప్రకారం అంత గోల ఉన్న లైనుని ఆపి, బాగుచేశాకే మళ్ళీ ఇవ్వాలి. ఆపబోయాను. సూర్యారావు గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి సార్. అవతల మాట తెలుస్తోందా లేదా?"

"తెలుస్తోంది. కానీ మీటరు చూడండి, ఇది లైను కింద లెక్క కాదు."

"ఈళ్ళు పాటలినడానికొచ్చేరాండి? బతికున్నారో లేదో చెప్పుకోడానికొచ్చేరు. గోలుంటే ఉండనివ్వండి."

బయట జనం తడిబట్టలతో నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన ఫోను పట్టుకుని, "ఉన్నాంరా, అందరం ఉన్నాం, ఇల్లే పోయింది" అని మస్కట్‌లో ఉన్న కొడుకుతో అరుస్తున్నాడు. ఆ ఒక్క ముక్క అవతలికి చేరింది. ఫోను పెట్టేసి ఆయన బల్ల మీద కూలబడి ఏడ్చాడు. నేను మీటరు సంచిలో పెట్టేశాను.

ఈ సంగతి ఆ తరవాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పడం బాగా వచ్చింది నాకు. నేర్చుకోవడమే రాలేదు.

నాలుగు మెట్లు

రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకి నేను ప్రభుత్వ ఉద్యోగం ముందుగానే వదిలి, అమలాపురంలో సత్తిరాజు గారనే ఆయన పెట్టిన కేబుల్ కంపెనీలో చేరాను. మొదట టీవీ, తరవాత ఇంటర్నెట్. మాకు స్తంభాలు తక్కువ, కొబ్బరిచెట్లు ఎక్కువ. తీగలు చెట్టు నుంచి చెట్టుకి కట్టుకుంటూ పోయేవాళ్ళం. గాలి వీస్తే చెట్లు ఊగేవి, చెట్లు ఊగితే లైను ఊగేది.

ఇంట్లో ఒకరైనా గల్ఫులో లేని వీధి మా వైపు అరుదు. పెళ్ళి, ఓణీల ఫంక్షను, గృహప్రవేశం, చావు, అన్నిటికీ రాలేనివాళ్ళు ఎవరో ఒకరు ఉండేవారు. కెమెరా పెట్టి, జరుగుతున్నది జరుగుతున్నట్టే ఇంటర్నెట్లో వాళ్ళకి చూపిద్దామని సత్తిరాజు గారికి తోచింది. దాన్ని అందరం 'లైవ్' అనేవాళ్ళం. నడిపే భారం నాది.

లైను నిలకడగా ఉండదు కాబట్టి నేను బొమ్మని నాలుగు మెట్లుగా చేశాను. పై మెట్టు మీద పట్టుచీర జరీ కూడా కనబడుతుంది. కింది మెట్టు మీద మనిషి ఫలానా అని తెలుస్తుంది, అంతే. ఏ క్షణంలో లైను ఎంత ఉందో చూసి, దానికి తగిన మెట్టు మీద బొమ్మ పంపమని కెమెరా దగ్గరి మిషన్‌కి చెప్పేలా అమలాపురం ఆఫీసు మిషన్లో ఒక ప్రోగ్రాం రాశాను. కాలవ లాకు దగ్గర కాపలా ఉండే లస్కరు నీటిమట్టం చూసి తలుపులు ఎత్తీ దించీ చేసినట్టన్నమాట. లైవ్ నడుస్తున్నంతసేపూ మిగతా రద్దీ దానికి అడ్డం రాకుండా దారి వదలమని మా నెట్‌వర్కుకి కూడా కొన్ని ఆజ్ఞలు రాశాను. ఇదంతా పుస్తకాలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నదే. గొప్పగా చెప్పుకోదగ్గ ముక్క ఇంతవరకే.

దారి వదలమన్న ఆజ్ఞ మొదట్లో అతిగా రాశాను. ఒక పెళ్ళి లైవ్‌కి ఊరి దారంతా ఇచ్చేశాను. ఆ రోజే ఇంటర్ ఫలితాలు. ఊళ్ళో ఒక్కడికీ మార్కుల పేజీ తెరుచుకోలేదు. ఒక లెక్చరర్ గారు ఆఫీసుకొచ్చి, "ఏవండీ, ఒక పెళ్ళి కోసం ఊళ్ళో పిల్లలందర్నీ ఫెయిల్ చేసేస్తారాండి?" అని నిలదీశారు. అప్పటికప్పుడు కూచుని దిద్దాను. ఆ తప్పు ఊరందరికీ కనబడింది కాబట్టి పూటలో సరైపోయింది. నేను చెప్పబోయేది ఎవరికీ కనబడని తప్పు.

బూందీ లడ్డూ

ఒకసారి కొత్తపేటలో పెళ్ళి జరుగుతుంటే, ఆ లైవ్ చూడ్డానికి సత్తిరాజు గారు కొందరు పెద్దమనుషుల్ని అమలాపురం ఆఫీసుకి పిలిచారు. నచ్చితే వాళ్ళూ మా దగ్గరే పెట్టించుకుంటారని ఆశ. పెద్ద తెర కట్టాం. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి అక్కడ గాలి లేచింది. ప్రోగ్రాం తన పని తాను చేసింది, బొమ్మని కింది మెట్టుకి దించింది. పెళ్ళికూతురు మొహం గళ్ళు గళ్ళుగా అయిపోయింది. నాదస్వరం మాత్రం ఎక్కడా ఆగలేదు.

ముందు వరసలో కూచున్న కొబ్బరి వ్యాపారి ఒకాయన మెడ చాచి చూసి, "ఏవండీ సత్తిరాజు గారూ, అది పెళ్ళికూతురంటారా, పళ్ళెంలో బూందీ లడ్డూ అంటారా?" అన్నారు. గదంతా గొల్లుమంది. నేనూ నవ్వబోయాను, రాలేదు.

సత్తిరాజు గారు నన్ను తిట్టలేదు. ఆయన తిట్టే మనిషి కాదు. అందరూ వెళ్ళాక, "మూర్తి గారూ, మన పేరు మీద ఆ మసక బొమ్మ ఇంకోసారి బయటికెళ్ళకూడదండి" అన్నారు.

"ఆయ్, చూసుకుంటానండి" అన్నాను.

ఆయనకి ఈ పని తెలియదు. తెలిసినవాణ్ణి నేను. "మసక లేకపోతే ఆ చోట అసలు బొమ్మే ఉండదండి" అని ఒక్క మాట చెబితే వినేవారు. చెప్పలేదు. వెళ్ళి ప్రోగ్రాంలో కింది రెండు మెట్లూ తీసేశాను. రెండు వరసల రాత. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అప్పటి నుంచి లైను తగ్గితే బొమ్మ మసకబారదు, ఆగిపోతుంది. తెర మధ్య ఒక సున్నా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. మాటని బొమ్మతో కలిపి కట్టాను కాబట్టి అదీ ఆగిపోతుంది. మా ఆఫీసు తెర మీద మాత్రం బొమ్మ వచ్చినంతసేపూ అద్దంలాంటి బొమ్మే. సత్తిరాజు గారు సంతోషించారు. లడ్డూ అన్నాయన కూడా తన ఇంటి గృహప్రవేశానికి లైవ్ పెట్టించుకున్నారు.

ఎవరైనా "మావాళ్ళకి ఆగి ఆగి వచ్చిందంటండి" అంటే, "అక్కడి లైనండి, మన చేతిలో లేదు" అనేవాణ్ణి. దుబాయిలో లైను ఎలా ఉందో అమలాపురంలో చూసేవాడెవడు? ఈ పనిలో చేరేవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను. తప్పుని నెట్టేయడానికి అవతలి గట్టు ఎప్పుడూ ఉంటుంది. నేను దాన్ని బాగా వాడుకున్నాను.

సువార్త అడిగింది

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో యోహాను అనే, చెట్లెక్కి కాయలు కోసే కొబ్బరి దింపు కార్మికుడు పచ్చకామెర్లు ముదిరి చనిపోయాడు. అతని భార్య సువార్త అప్పటికి రెండేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది, ఆయన పంపనన్నాడు. యోహాను తమ్ముడు ప్రకాశం మా ఆఫీసుకి వచ్చాడు.

"మా వదిన రావడానికి లేదండి. కడసారి చూపు ఎలాగైనా చూపించమని ఏడుత్తందండి. ఇంకేం అడగలేదండి, అదొక్కటే."

సువార్త పెద్దమ్మ కూతురు మరియమ్మ కూడా కువైట్‌లోనే వేరే ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంట్లో కంప్యూటరు ఉంది. శుక్రవారం ఒక గంట వాడుకోనివ్వమని మరియమ్మ వాళ్ళ మేడమ్ కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది. ఆ గంటకే ఇక్కడ చర్చి ప్రార్థన, భూస్థాపన పెట్టుకోవాలి. సాయంత్రం నాలుగింటికి అనుకున్నారు.

చావు పని కదా అని నేనే స్వయంగా వెళ్ళాను. రెండు తోటల మీదుగా చెట్లకి తీగ కట్టించి చర్చి దాకా లాగించాం. అన్నీ చూసుకున్నాను. నాలుగవడానికి ఐదు నిమిషాల ముందు లైను బ్రహ్మాండంగా ఉంది. మరియమ్మ ఫోను చేసి, "చర్చి కనబడతందండి, సువార్త నా పక్కనే ఉందండి" అని చెప్పింది కూడా.

నాలుగు దాటాక మొదటి తోటలో దింపు తీస్తున్నవాళ్ళు కోసిన గెల ఒకటి మా తీగ మీద పడింది. తీగ తెగలేదు, అతుకు దగ్గర వదులైంది. లైను పావు వంతుకి పడిపోయింది. నా ముందున్న లాప్‌టాప్‌లో అంతా కనబడుతోంది. కువైట్‌కి బొమ్మ వెళ్ళడం లేదు, మాట వెళ్ళడం లేదు. మిగిలిన ఆ పావు వంతు లైను కింది మెట్టుకి చక్కగా సరిపోతుంది. ఇలాంటి వేళ కోసమే కదా దాన్ని కట్టింది. అది లేదు. నేనే తీసేశాను.

అమలాపురం ఆఫీసులో ఆపరేటరు భవాని కూచుని ఉంది. ఫోను చేసి, "అమ్మా, ఆ రెండు వరసలూ మళ్ళీ పెట్టు" అంటే చాలు. పెడుతుంది. పెట్టి, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడుగుతుంది. మసక బొమ్మ మళ్ళీ బయటికెళ్ళిందని సత్తిరాజు గారి చెవిన పడుతుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను. అలాగే పట్టుకుని కూచున్నాను. లైను తనంతట తనే కోలుకుంటుందేమోనని చూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

పాస్టరు గారు ప్రార్థన ముగించి, "చూడవలసినవాళ్ళు చూడండి" అన్నారు. అందరూ వరసగా వచ్చి చూశారు. పెట్టె మూత పట్టుకుని నలుగురు నిలబడ్డారు. ప్రకాశం జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, వదిన చూసిందాండి? చూళ్ళేదంటే చెప్పండి, ఎంతసేపైనా ఆగుతాం. మీరు చెప్పేకే మూత్తాం."

పాస్టరు గారు నా వైపే చూస్తున్నారు. మూత పట్టుకున్నవాళ్ళూ నా వైపే చూస్తున్నారు. ఐదు నిమిషాలు ఆగమంటే ఆగేవాళ్ళు, అరగంట ఆగమన్నా ఆగేవాళ్ళు.

"ఆయ్, చూశారు. కానివ్వండి" అన్నాను.

మూత వేశారు. మేకులు కొట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. ఆ చప్పుడు నేను వినలేదు. లాప్‌టాప్‌లో అంకెలు చూస్తూ కూచున్నాను.

నొక్కని మీట

మట్టి వేసి అందరూ తిరిగి వస్తుంటే ప్రకాశం ఫోను మోగింది. మరియమ్మ. ప్రార్థన మొదలవగానే బొమ్మ ఆగిపోయిందట, చివరిదాకా సున్నా తిరగడం తప్ప ఏమీ కనబడలేదట. సువార్త నేల మీద పడి ఏడుస్తోందట. ప్రకాశం ఫోను చెవి నుంచి తీసి నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, అర్థంకాక.

"ఇక్కణ్ణించి బాగానే వెళ్ళిందయ్యా. అక్కడ ఆవిడ తెలియక ఏదైనా మీట నొక్కేసిందేమో" అన్నాను.

ఇది నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఈ రోజుకీ తల ఎత్తుకోలేను. అప్పటికప్పుడు కల్పించింది కాదు. పెళ్ళిళ్ళ దగ్గర చెప్పీ చెప్పీ అలవాటైన మాటే. ప్రకాశం అదే మాట ఫోనులో అవతలికి చెప్పాడు. "నేనేం నొక్కలేదు బాబూ, ముట్టుకోనుకూడా లేదు" అని మరియమ్మ అరవడం నాకు వినబడింది.

ఆ వారంలోనే కింది రెండు మెట్లూ మళ్ళీ పెట్టాను. మాటని బొమ్మ నుంచి విడదీసి, బొమ్మ ఆగినా మాట వెళ్ళేలా చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. సత్తిరాజు గారు గమనించనే లేదు. అది చూస్తే మరీ సిగ్గేసింది. నేను అంత భయపడింది ఈ గమనించని మనిషికే.

మూడేళ్ళ తరవాత ప్రకాశం ఇంటర్నెట్ కనెక్షను కోసం ఆఫీసుకొచ్చాడు. సువార్త ఎలా ఉందని అడిగాను.

"బానే ఉందండి. మరియమ్మక్కతోనే మాట్లాడదు. ఆ రోజు ఏదో నొక్కేసి ఆఖరి చూపు పోగొట్టేసిందని మనసులో పెట్టేసుకుందండి. ఇద్దరూ ఒక్క కంచంలో తినేవోరు చిన్నప్పుడు."

నేను అతని దరఖాస్తు మీద సంతకం చేస్తున్నాను. సంతకం పూర్తిచేసి కాగితం ఇచ్చాను. "ఆయ్, వస్తానండి" అని వెళ్ళిపోయాడు. మొదటిసారి భయపడ్డానని సరిపెట్టుకోవచ్చు. ఈసారి భయం కూడా లేదు. చెప్పడం ఇబ్బందిగా ఉండి ఊరుకున్నాను.

మాట వినబడుతోంది

నేను పని మానేశాక, సువార్త తిరిగొచ్చేసిందని, ఊళ్ళోనే చిన్న కిరాణా కొట్టు పెట్టుకుందని తెలిసింది. అది తెలిశాక కూడా ఏడాదిపాటు వెళ్ళలేదు. రాజోలు వైపు పనిబడితే ఆ ఊరి మీదుగా పోని బస్సు చూసుకుని ఎక్కేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

నన్ను గుర్తుపట్టలేదు. నన్ను ఎప్పుడు చూసిందని? స్టూలు వేసి కూచోమంది, మంచినీళ్ళిచ్చింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. బూందీ లడ్డూ దగ్గర మొదలుపెట్టి, మెట్లు, గెల, ఫోను, మూత, అన్నీ చెప్పాను. మధ్యలో ఒకావిడ సబ్బు కోసం వస్తే, సువార్త లేచి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూచుంది. నేను ఆగిన చోటు నుంచే చెప్పాను.

చివరిదాకా వింది. తరవాత అడిగింది.

"ఆ మెట్టుంటే మసగ్గానైనా వచ్చేదాండి?"

"వచ్చేదమ్మా."

"మడిసి తెలిసేవోడా?"

"తెలిసేవాడు."

"పాటలూ, ప్రార్థనా?"

"అన్నీ వినబడేవి."

చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన మొహం తళతళలాడిపోతా కనబడాలని నేనడగలేదు గదండీ" అంది.

చేతులెత్తి దణ్ణం పెట్టాను. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఆమె నా చేతుల వైపు చూడలేదు.

"నా సంగతుంచండి. అక్కకి చెప్పండి" అంటూ గల్లాపెట్టె మీదున్న ఫోను తీసింది. మరియమ్మ ఇప్పుడు ముమ్మిడివరంలో కొడుకు దగ్గర ఉంటోందట. నంబరు సువార్త ఫోనులో ఉంది. ఎప్పుడూ నొక్కనిది. ఇప్పుడు నొక్కింది, బొమ్మ కనబడే ఫోనే చేసింది.

ఆ కొట్టు దగ్గర సిగ్నలు అంతంతమాత్రం. అవతల ఒక మొహం వచ్చింది, వెంటనే గళ్ళు గళ్ళుగా అయిపోయింది. ఆగలేదు. ఏ కంపెనీలో ఎవరో, లలితలాంటి పిల్ల ఎవరో, కింది మెట్టుని ఉండనిచ్చారు.

"ఎవరూ?"

"నేనక్కా. సువార్తని."

సువార్త, "ఈయనెవరో నీకో మాట చెప్తారంటక్కా, ఇను" అని ఫోను నా చేతిలో పెట్టింది.

"అమ్మా, మరియమ్మ గారూ" అన్నాను. "ఆ రోజు మీరు ఏమీ నొక్కలేదమ్మా. ఆపింది నేను. మీ మీదకి నెట్టింది కూడా నేనే."

గళ్ళలో ఆవిడ మొహం కదిలింది. ఏడుస్తోందో, కోపంగా ఉందో తెలియలేదు. వినబడలేదేమోనని మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇనబడిందండి" అంది. "ఇన్నేళ్ళూ ఎక్కడున్నారండి మీరు?" అని అడిగింది.

బొమ్మ మసగ్గానే ఉంది. మాట మాత్రం ఎక్కడా తెగకుండా వచ్చింది.